నలుగురికి ఒక్క కయాక్

"అమ్మా, కయాక్ ఒక్కటే ఉంది."

మైలెన్ వరండాలోంచి కేక వెయ్యలేదు. లోపలికి వచ్చి, తలుపు మూసి, ఆ తర్వాతే చెప్పింది. పద్నాలుగేళ్ల పిల్ల, ఇల్లు దద్దరిల్లేలా తప్ప మాట్లాడటం రాని పిల్ల, అంత నెమ్మదిగా మాట్లాడేసరికి జులేమా చేతిలో పని వదిలేసి లేచింది.

"రెండోది ఎక్కడికి పోతుందే? రేవు గుంజకి నేనే కదా కట్టాను."

"గుంజ కూడా లేదమ్మా."

జులేమా వరండాలోకి పరుగెత్తింది. రాత్రి పడుకునేముందు ఇంటికీ తోర్దో పాయకూ మధ్య గడ్డినేల ఉంది. ఆ చివర చెక్కల రేవు ఉంది. ఇప్పుడు పాయ ఎక్కడ మొదలవుతుందో, నేల ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. బురదరంగు నీళ్లు ఇంటి మెట్లెక్కి, కింద స్తంభాల మధ్యనుంచి గుడగుడమంటూ వెనక ఉన్న విల్లో చెట్లలోకి పోతున్నాయి. రేవు కమ్మీల కొసలు మాత్రం పైకి కనబడుతున్నాయి. ఆమె కయాక్ కట్టిన గుంజ ఉండాల్సిన చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

తాడు తెగలేదు, ముడి ఊడలేదు. గుంజే మొదలంటా పుచ్చిపోయి, కయాక్‌ను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

మిగిలిన కయాక్‌ను, ఇద్దరు పట్టే ఆ సన్నటి తెడ్డు పడవను, కట్టినవాడు ఆమె భర్త ఫావుస్తో. వరండా కమ్మీకి ముడి మీద ముడి వేసి కట్టాడు. నిన్న సాయంత్రం దాన్ని చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. 'ఆవు పారిపోతుందనుకున్నావా' అని వెక్కిరించింది జులేమానే. ఆ కయాకే ఇప్పుడు మెట్లకు కొట్టుకుంటూ ఉంది.

ఫావుస్తో వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. భార్య తనంతట తనే ఏదో ఒకటి అంటుందని చూశాడు.

"నీళ్లు వస్తాయి, పోతాయి," అంది జులేమా. "లంకల్లో ఇది మామూలే. ఆగ్నేయం గాలి కొట్టినంతసేపూ నది నీళ్లు కిందికి పోలేక వెనక్కి తన్నుతాయి. గాలి తిరిగిందా, అన్నీ దిగిపోతాయి. చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని చూశానో."

"చిన్నప్పుడు," అన్నాడు ఫావుస్తో.

"ఈ ఇల్లు కదలదు. మా నాన్న కట్టిన ఇల్లిది."

"కట్టి ఎన్నేళ్లయింది? నిన్న నేను వంటింటి కిందికి వంగి చూశాను జులేమా. స్తంభాన్ని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. చెక్కలోకి. వెన్నలోకి దిగినట్టు. వెంటనే వచ్చి నీకు చెప్పాను. ఏమన్నావో గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది. 'పట్నంవాడివి, నీకు చెక్క గురించి ఏం తెలుసు' అంది.

మొన్న ఉదయం తీగ్రే ఊరి రేవులో రెండు కయాకులు దింపుకుని, ఒకదాంట్లో తనూ అమ్మా, ఇంకోదాంట్లో తండ్రీకూతుళ్లూ, పాయల వెంట రోజంతా తెడ్లు వేసుకుంటూ వచ్చారు. తను పుట్టి పెరిగిన ఇంటిని వాళ్లకి చూపించాలి, చూశాక ఫావుస్తో మెత్తబడాలి, ఇల్లు బాగుచేసుకుని అందరూ వచ్చి ఇక్కడే ఉండాలి. ఏడాదిగా ఆమె పట్టుదల అది. ఏడాదిగా వాళ్ల మధ్య గొడవ అది. ముప్ఫై ఏళ్లుగా ఇటు తొంగిచూడని అమ్మ కూడా మనవరాలు బతిమాలితే కయాక్ ఎక్కింది.

ఆ అమ్మ, ఎర్మీనియా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని మాతె ఆకుల టీ తాగుతోంది. వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, గొట్టం పెదాలకు ఆనించుకుని, బయట ఏదో వీధి గొడవ జరుగుతున్నట్టు వింటోంది.

"జులేమా," అని పిలిచింది. "ముడి ఊడిందా, నువ్వు విప్పావా?"

"ఏంటమ్మా?"

"కయాక్. అదే పోయిందా, నువ్వు వదిలావా అంటున్నాను."

"నేనెందుకు వదులుతాను? నీకు మతిపోయిందా?"

ఎర్మీనియా కూతురి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకుంది. "సరేలే. అడిగాను," అంది.

అప్పుడే బల్లమీద గిన్నె పక్కన పెట్టిన కోడిగుడ్డు కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. మెల్లగా దొర్లుకుంటూ బల్ల అంచుదాకా వెళ్లి కిందపడి చితికింది. సొన పాయవైపు జారింది.

నలుగురూ ఆ సొనవంకే చూశారు. ఇంటి కింద ఎక్కడో చెక్క మూలిగింది.

"వెళ్లిపోదాం," అన్నాడు ఫావుస్తో. గొంతు పెంచలేదు. "నిన్న సాయంత్రమే వెళ్లిపోయి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లం."

"నిన్న సాయంత్రం ఆకాశం అద్దంలా ఉంది. ఇలా అవుతుందని ఎవరికి తెలుసు?"

"నీకు తెలుసు," అంది మైలెన్.

జులేమా తిరిగి చూసింది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతులు రెండూ చంకల్లో దోపుకుంది.

"రేడియోలో చెప్పారు నాన్నా. నువ్వు పుల్లలేరడానికి వెళ్లావు చూడు, అప్పుడు. లంకల్లో ఉన్నవాళ్లు తెల్లారేలోపు మెరకకు వెళ్లాలి అని. అమ్మ ఆపేసింది. బ్యాటరీ తీసేసి, బ్యాటరీ అయిపోయిందని నాతో అంది."

ఫావుస్తో భార్యవంక చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తిడితే బాగుండునని జులేమాకు అనిపించింది.

"ఒక్క రోజు," అంది ఆమె. "ఇంకొక్క రోజు ఉంటే నీకూ నచ్చుతుందనుకున్నాను. ప్రతిసారీ అంటారు రేడియోలో, మెరకకు పొండి, మెరకకు పొండి అని. నాన్న ఎప్పుడూ..."

"మీ నాన్న సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అంది ఎర్మీనియా. ఫ్లాస్కు మూత బిగించింది. "ముందు పిల్లని పంపించు."

ఆ మాటతో గొడవ ఆగిపోయింది. ఇంక లెక్క ఒక్కటే. మనుషులు నలుగురు. కయాక్‌లో చోటు ఇద్దరికి. ఫోన్లు రాత్రే మూగబోయాయి. మెరక అంటే పాయ దాటి, పెద్ద నది దాటి, అవతలి గట్టున ఎత్తుదిమ్మ మీద ఉన్న బడి. వరదొస్తే లంకవాళ్లంతా చేరేది అక్కడికే. ఈ గాలిలో పెద్ద నదిని అడ్డంగా దాటించగలిగింది జులేమా ఒక్కతే. ఫావుస్తోకి ఈత అంతంతమాత్రం. పోయిన వేసవిలోనే తెడ్డు పట్టడం నేర్చుకున్నాడు.

"ముగ్గురు పట్టరా?" అన్నాడు అతను. "మైలెన్ సన్నగానే ఉంటుంది కదా. మధ్యలో కూర్చోబెట్టి, అత్తయ్యని కూడా..."

"పాయలో ఫర్వాలేదు. నదిలోకి వెళ్లగానే అలలు లోపలికి వచ్చేస్తాయి."

"అయితే ఒక్కొక్కళ్లమే."

"ఒక్కొక్కళ్లే."

మైలెన్‌కు లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు తనే బిగించి, ఊడతాయేమోనని ఒకటికి రెండుసార్లు గుంజి చూశాడు ఫావుస్తో. పిల్ల తండ్రి మెడ పట్టుకుని వదల్లేదు. అతనే వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు.

"ముందు చూస్తూ కూర్చో. వెనక్కి తిరగకు, బరువు మారుతుంది," అన్నాడు. జులేమాకు తెడ్డు అందించాడు.

మొన్న ఇదే పాయ వెంట వస్తూ జులేమా ప్రతి ఇంటినీ వేలుపెట్టి చూపించింది. ఇది నీల్దా వాళ్ల ఇల్లు. ఇది బుట్టలల్లే ముసలాయన కొట్టం. ఇదిగో, ఇక్కడే నాన్న బుట్టల కోసం విల్లో కొమ్మలు నానబెట్టేవాడు. ఇప్పుడు వాటిలో సగం కప్పులు మాత్రమే కనబడుతున్నాయి. చిన్నప్పుడు పంచదార చిలకలు కొనుక్కున్న కొట్టు తలుపుల్లోంచి నీళ్లు దూరి కిటికీల్లోంచి బయటికి వస్తున్నాయి. ఒక రేకుల కప్పుమీద రెండు కుక్కలు నిలబడి, మొరగకుండా, వీళ్లవంక చూస్తున్నాయి. తన ఊరు తనకే తెలియని మొహం పెట్టుకుని ఉంది.

గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా ఎదురొస్తోంది. పై దేశాలనుంచి కొట్టుకొచ్చే ఆ తెట్టెల్లో పాములుంటాయి. జులేమా ప్రతి తెట్టెనూ దూరంనుంచే తెడ్డుతో తప్పిస్తోంది. ఒకదాని మీద ఏదో నల్లగా చుట్ట చుట్టుకుని ఉంది. కూతురికి కనబడకుండా కయాక్‌ను పక్కకి తిప్పింది.

"నాన్నకి ఈత వచ్చా?" అంది మైలెన్. తల తిప్పలేదు.

"వచ్చు."

"అబద్ధం చెప్పకమ్మా."

"కొంచెం వచ్చు."

"ఇల్లు పడిపోతుందా?"

జులేమా తెడ్డు జోరు పెంచింది. పాయ పెద్ద నదిలో కలిసే చోటికి వచ్చారు. గాలి ఒక్కసారిగా పక్కనుంచి కొట్టింది. మొదటి అల పిల్ల ఒడిలోకి దూకింది. జులేమా అలకి ఎదురుగా కయాక్ ముక్కు తిప్పి, అల దాటాక మళ్లీ గట్టువైపు తిప్పి, ఒక్కో అలనూ విడివిడిగా దాటించింది.

బడి మెట్ల దగ్గర నడుంలోతు నీళ్లలో నిలబడి ఒకామె కయాక్ పట్టుకుంది. నీల్దా. చిన్నప్పుడు జులేమాతో ఒకే బల్లమీద కూర్చుని చదువుకుంది. ఇప్పుడు ఆ బడిలోనే వంట చేస్తోంది. లోపల్నుంచి నూనె వాసన వస్తోంది. వానపడితే ఈ లంకల్లో అందరూ వేయించుకునే పిండి రొట్టెల వాసన. పిల్లల ఏడుపులు, కోళ్ల అరుపులు అన్నీ కలిసి వినబడుతున్నాయి.

"నువ్వా జులేమా? మీరు నిన్ననే వెళ్లిపోయి ఉంటారనుకున్నాం." నీల్దా మైలెన్‌ను దుప్పట్లో చుట్టింది. "ఆ ఇంట్లో పడుకున్నారా ఏంటి? పిల్లని పెట్టుకుని?"

"ఏం?"

"ఏం అంటే ఏం చెప్పను. దాని కింద నిలబడటానికే మావాళ్లు భయపడతారు. చూసి పోతారేమో అనుకున్నాం గానీ, పడుకుంటారనుకోలేదు."

"మోటారు పడవలు ఏవీ?"

"ఒక్కటే ఉంది, మా ఆయనది. కింది పాయలో బాలింతరాలు ఉందంటే తీసుకురావడానికి వెళ్లాడు. వచ్చేస్తాడు. వచ్చాక నీతో పంపిస్తాను. కాస్త కూర్చో. నీ చేతులు చూడు."

జులేమా చేతులు చూసుకోలేదు. "ఇంకా ఇద్దరున్నారు అక్కడ," అంటూ కయాక్ తిప్పింది.

తిరుగుదారిలో పాయలోకి రాగానే వెనకనుంచి గాలి తోసింది. అయినా దారి రెండింతలైనట్టు అనిపించింది. మలుపు తిరుగుతూ ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఇల్లు ఉంది. కొంచెం ఒరిగి, వంటింటివైపు మోకాలు మడిచినట్టుగా, అయినా ఉంది.

వరండాలో నీళ్లు. అందులో రెండు కుర్చీలు వేసుకుని అత్తా అల్లుడూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు, లాంచీ కోసం ఎదురుచూసే ప్రయాణికుల్లాగా.

"మైలెన్?" అన్నాడు ఫావుస్తో.

"బడిలో ఉంది. నీల్దా దగ్గర."

అతను మొహం చేతుల్లో పెట్టుకుని, వెంటనే తీసేశాడు. "అత్తయ్యా, లేవండి."

"నువ్వెళ్లు బాబూ. ఈ ఇంట్లో నేను ఒక వరద చూశాను. ఇంకోటి చూడలేనా."

"మీరు ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు."

"నీకు ఈత రాదు."

"మీకు వచ్చా?"

"రాదు. కానీ నాకు డెబ్భై రెండేళ్లు. నీకు ఆడపిల్ల ఉంది."

"అమ్మా, వాదన పెట్టుకోవద్దు," అంది జులేమా. ఇంటి కింద చెక్క మళ్లీ మూలిగింది. ఈసారి మూలుగు ఆగకుండా సాగి, పటుక్కున తెగింది.

ఫావుస్తో వంగి, ఎర్మీనియాను రెండు చేతులమీద ఎత్తుకుని, కయాక్ ముందు సీట్లో దించాడు.

"పెళ్లప్పుడు కూడా నన్నెవరూ ఎత్తుకోలేదు," అంది ఆవిడ.

కమ్మీ పట్టుకుని వంగినప్పుడు భార్యాభర్తల మొహాలు దగ్గరగా వచ్చాయి. జులేమా ఏదో అనబోయింది. క్షమించమని అడగాలా, జాగ్రత్త చెప్పాలా, ఏది ముందో ఆమెకు తోచలేదు.

"ఆలస్యం చెయ్యకు," అన్నాడు ఫావుస్తో. కయాక్‌ను చేత్తో తోశాడు.

కొట్టు దాటాక, ఎర్మీనియా ముందుకి చూస్తూనే మొదలుపెట్టింది.

"పొద్దున నిన్ను అడిగినదానికి కోపం వచ్చింది కదూ."

"ఇప్పుడెందుకమ్మా అది."

"నీకు నాలుగేళ్లప్పుడు వరదొచ్చింది. మీ నాన్న నిన్ను బల్లమీద కూర్చోబెట్టుకుని రాత్రంతా పాటలు పాడాడు, తెల్లారేసరికి నీళ్లు దిగిపోయాయి. నీకు తెలిసింది అదే కదా. నా మనవరాలికి కూడా అదే చెప్పావు."

"అది జరిగిందే కదా."

"జరిగింది. పాటలు పాడాడు. దానికి ముందు జరిగింది వేరే ఉంది." ఆవిడ కయాక్ అంచు గట్టిగా పట్టుకుంది. "నేను పోతానన్నాను. పిల్లని తీసుకుని మెరకకి పోతాను, నువ్వు రాకపోతే ఉండు అన్నాను. మాకో చిన్న పడవ ఉండేది. పొద్దున లేచేసరికి లేదు. వరద లాక్కుపోయిందన్నాడు మీ నాన్న. తాడు అలాగే ఉంది జులేమా. తెగలేదు. చక్కగా చుట్ట చుట్టి మేకుకి తగిలించి ఉంది."

తెడ్డు ఒక్కక్షణం నీళ్లలో ఆగిపోయింది. కయాక్ పక్కకి తిరిగింది. జులేమా సర్దుకుని మళ్లీ లాగింది.

"వరద తాడుని చుట్ట చుట్టి పెడుతుందా?" అంది ఎర్మీనియా. "నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఒక్క రాత్రి కాదు, రెండు రాత్రులు నిన్ను వాసం మీద కూర్చోబెట్టి, కింద నిలబడి నీ కాళ్లు పట్టుకున్నాను. ఆయన పాడుతూనే ఉన్నాడు. ఆయనకీ భయమే. భయపడ్డానని ఒప్పుకోవడం కన్నా పడవ వదిలేయడమే తేలిక ఆయనకి."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆయన కూతురివి. నా నోటితో చెబితే నన్నే పరాయిదాన్ని చేసేదానివి."

అది నిజం.

"నేను కయాక్ వదల్లేదమ్మా," అంది చివరికి.

"తెలుసు. నీ మొహం చూడగానే తెలిసింది," అంది ఎర్మీనియా. "నువ్వు రేడియో ఆపావు."

పెద్ద నది ఎదురుగా తెల్లగా నురగలు కక్కుతోంది. జులేమా మోచేతులు మండుతున్నాయి. వేళ్లు తెడ్డుకు అంటుకుపోయి, విప్పితే మళ్లీ ముడుచుకోవేమో అనిపిస్తోంది. మధ్యలో ఒక అల వాళ్లమీదుగా దాటిపోయింది. అమ్మ కనబడలేదు, మళ్లీ కనబడింది. ఆవిడ దగ్గుతోంది గానీ అంచు వదల్లేదు.

బడి మెట్ల దగ్గర నీల్దా, ఇంకెవరో మగమనిషి కలిసి ఎర్మీనియాను పైకి లాగారు. మైలెన్ మెట్లమీద నిలబడి ఉంది. తండ్రి కోసం ముందు సీటువంక చూసింది. అమ్మమ్మ దిగాక ఖాళీగా ఉన్న ఆ సీటువంకే చూస్తూ ఉంది.

"నాన్న ఒక్కడే ఉన్నాడా?"

"ఇప్పుడే తీసుకొస్తాను."

"నువ్వే తీసుకురావాలి. వేరే ఎవరినో పంపించకు."

"ఈమె వల్ల ఇంక కాదు తెడ్డు వెయ్యడం," అంది నీల్దా. "మా ఆయన వచ్చేస్తాడమ్మా, మోటారు చప్పుడు వినబడిందన్నారు ఎవరో. జులేమా, ఆగు. నా మాట విను."

జులేమా వినలేదు. కయాక్ అప్పటికే తిరిగిపోయింది.

ఈసారి ఆమె మలుపు దగ్గర కళ్లు మూసుకోలేదు. ఇంటి కప్పు కనబడింది. కానీ ఉండాల్సిన చోట లేదు. వంటింటివైపు సగం నీళ్లలోకి కూలబడి, ముందుగదివైపు సగం గాల్లో వేలాడుతోంది. వరండా కుర్చీలు రెండూ లేవు. తలుపు తెరుచుకుని ఉంది. లోపల్నుంచి నీళ్లు బయటికి వస్తున్నాయి.

"ఫావుస్తో."

ఆమె కయాక్‌ను ఇంటి దగ్గరికి పోనిచ్చింది. కమ్మీ ముక్క పట్టుకుని, లోపలికి తొంగిచూస్తూ మళ్లీ పిలిచింది. చీకటిగా ఉంది. మాతె డబ్బా ఒకటి నీళ్లమీద తేలుతూ తలుపుదాకా వచ్చింది. ఆమె కమ్మీమీదికి కాలు తీసిపెట్టబోయింది.

"జులేమా. దగ్గరికి రాకు."

ఆ గొంతు ఇంట్లోంచి రాలేదు. వెనక విల్లో చెట్లలోంచి వచ్చింది.

"ఇంటి దగ్గర ఉండకు. వెనక్కి పో. పో ముందు."

ఎందుకని ఆమె అడగలేదు. అడగకుండా అతని మాట వినడం ఆమెకు అలవాటు లేని పని. తెడ్డుతో కమ్మీని నెట్టి వెనక్కి జరిగింది. కయాక్ పొడవంత దూరం వెళ్లిందో లేదో, ముందుగది కింది స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. రేకులు ముడుచుకుపోయాయి. ఇల్లు మొత్తం పక్కకి పడుకుంది. దాని కింది నీరంతా అలగా లేచి వచ్చి కయాక్‌ను ఎత్తి, గిరగిరా తిప్పి, వదిలింది.

నీళ్లు కాస్త కుదుటపడ్డాక ఆమె చెట్లవైపు చూసింది. దూలాలు, పలకలు, కిటికీ చట్రం అన్నీ వెళ్లి విల్లోలకు గుద్దుకుని ఉన్నాయి.

"ఫావుస్తో."

"ఇక్కడ," అన్నాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

రెండు కొమ్మల పంగలో చెట్టుని కావలించుకుని ఉన్నాడు. చెక్కలు విరుగుతున్న చప్పుడు విని ముందే వెనక కిటికీలోంచి చెట్టుమీదికి దూకాడట. కూలిన ఇంటి దూలం ఒకటి వచ్చి అతని కాలిని చెట్టు మానుకి అదిమిపెట్టింది. నీళ్లు నడుం దాటాయి. మొహం సున్నం కొట్టినట్టుంది.

జులేమా కయాక్‌ను కొమ్మకు ఆనించి అతని మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో దూలాన్ని తోసింది. తెడ్డు దూర్చి ఎత్తబోయింది. తెడ్డు వంగింది. దూలం కదల్లేదు. అతను పళ్లు బిగించి మూలిగాడు.

"ఆపు. విరుగుతుంది. అది పోతే నువ్వూ ఇక్కడే ఉండిపోతావు."

"ఇంకొక్కసారి చూస్తాను."

"మగాళ్లు కావాలి దీనికి. మోటారు పడవ కావాలి. ఉందా అక్కడ?"

"వస్తుందన్నారు. వచ్చేసి ఉంటుంది."

"అయితే వెళ్లు."

"వెళ్లను."

"జులేమా."

"నిన్నిలా వదిలి ఎలా వెళ్తాను? నీళ్లు చూడు. నేను ఇక్కడే పట్టుకుని ఉంటాను. వాళ్లే వస్తారు. నీల్దాకి తెలుసు మనం ఇక్కడున్నామని."

"నువ్వు చెప్పకపోతే వాళ్లు ఇల్లు కూలిందని చూసి వెనక్కి పోతారు. చెట్లలో వెతకరు." అతను ఊపిరి తీసుకున్నాడు. "నిన్న నా మాట వినలేదు. అంతకుముందు ఏడాదంతా వినలేదు. ఇప్పుడు విను."

గాలి అలాగే ఉంది. నీళ్లమీద చిన్న చిన్న గీతలు పెట్టుకుంటూ చెట్లలోకి దూరుతోంది. జులేమాకు అతని మణికట్టులో నాడి కొట్టుకోవడం తన వేళ్లకింద తెలుస్తోంది. వదిలితే అది మళ్లీ దొరుకుతుందో లేదో. పట్టుకుని ఉంటే కనీసం అది ఉన్నంతసేపూ తెలుస్తుంది. ఆ ఆలోచన రాగానే నాన్న గుర్తొచ్చి ఆమెకు తనమీద తనకే భయం వేసింది.

"నేను అరుస్తూ ఉంటాను," అన్నాడు ఫావుస్తో. "నీకు వినబడుతున్నంతసేపూ ఉన్నట్టే. సరేనా? వెనక్కి తిరిగి చూడకు, బరువు మారుతుంది."

జులేమా చెయ్యి వదిలింది.

తెడ్డు అందుకుని పాయలోకి తిప్పింది. వెనకనుంచి అతని గొంతు వచ్చింది. మొదట ఆమె పేరు. తర్వాత మైలెన్ పేరు. తర్వాత మాటలేవీ లేకుండా ఉత్త కేక. ఆమె తెడ్డు వేసినప్పుడల్లా ఒక కేక. కొట్టు దాటేదాకా వినబడింది. మలుపు దగ్గర పలచబడింది.

మలుపు తిరిగాక గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గాలివల్ల వినబడటం లేదో, అతను అరవడం ఆపేశాడో ఆమెకు తెలియలేదు. ఎదురుగా నది, దాని అవతల ఎక్కడో మోటారు చప్పుడు లాంటిది ఒకటి, వచ్చేదో పోయేదో తెలియకుండా. ఆమె తల తిప్పలేదు. తెడ్డు వేస్తూనే ఉంది.